చందమామ చక్రపాణి

కథను చెవులార వినుట ఎంత వేడుకయో, కన్నులార చూచుటయు అంత వేడుక. ఈ సంగతి మన పెద్దలు ఏనాడో ఎరుగుదురు. తెలంగాణమున చేర్యాల నకాశీ చిత్రకారులు పొడవైన గుడ్డమీద గంజియు, చింతగింజల జిగురును, తెల్లమట్టియు పూసి, దానిపై ఎఱ్ఱని రంగు నడుమ పురాణగాథలను వరుసగా చిత్రించెడివారు. ఆ పటమును ఊరి నడుమ వ్రేలాడదీసి, కథకులు ఒక్కొక్క గడిని చూపుచు పాడెడివారు. అక్షరము రాని పిల్లవాడు సయితము గడి వెంట గడి చూచుచు కథను గ్రహించెడివాడు. అచ్చుయంత్రము వచ్చి పుస్తకములు పెరిగిన పిమ్మట, బొమ్మకును మాటకును గల ఈ చెలిమి కొంత సన్నగిల్లినది. పుస్తకము పెద్దలది, పాఠశాలది అయినది. ఆ చెలిమిని మరల కూర్చి, నెలనెలా తెలుగు పిల్లల చేతికి అందించిన వారిలో ముఖ్యులు చక్రపాణిగారు.

చక్రపాణిగారి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. ఆయన 1908వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీన గుంటూరు జిల్లా తెనాలిలో జన్మించిరి. తండ్రి గురవయ్య, తల్లి వెంకమ్మ. వారిది మధ్యతరగతి రైతు కుటుంబము. నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు, దొంకేశ్వర్ ప్రాంతముల రైతులకు పసుపు ఎట్టిదో, తెనాలికి చేరువనున్న దుగ్గిరాల ప్రాంతపు రైతులకును అట్టిదే. పసుపుకొమ్ము నాటిన తరువాత ఎనిమిది తొమ్మిది నెలలు ఓపిక పట్టవలెను. పైన ఆకు మాత్రమే కనబడును. పంట నేలలోపల పెరుగును. దానిని త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టినగాని అంగడికి రాదు. రైతు ఇంట పుట్టిన సుబ్బారావు జీవితమును ఆ పంట వంటిదే. పైకి కనబడక లోపల పెరిగిన కాలమే అందులో ఎక్కువ.

ఆయన ఉన్నత పాఠశాల చదువు పూర్తికాలేదు. జాతీయోద్యమము దేశమంతటను ప్రబలుచున్న దినములవి. ఆ ప్రభావముచే ఆయన బడి చదువు మానివేసిరి. కాని చదువుట మానలేదు. దేశమునందలి అన్ని ప్రాంతములవారిని కలుపగల భాష హిందీ యని జాతీయ నాయకులు చెప్పుచుండిరి. దక్షిణదేశమున హిందీని వ్యాపింపజేయుటకు గాంధీ మహాత్ముని ప్రోత్సాహముతో 1918లో మద్రాసున పని మొదలైనది. సుబ్బారావు మొదట యలమంచిలి వెంకటప్పయ్యగారివద్ద హిందీ నేర్చిరి. పిమ్మట హిందీ ప్రచారకులలో ప్రముఖులైన వ్రజనందనశర్మగారి శిష్యులై ఆ భాషలో మంచి పాండిత్యము సంపాదించిరి. ఆ గురువుగారే శిష్యునకు చక్రపాణి యను కలము పేరు పెట్టిరి. లోకము ఆ పేరునే నిలుపుకొన్నది. తల్లిదండ్రులు పెట్టిన పేరు మరుగున పడినది. సంస్కృతము, తమిళము, ఇంగ్లీషు భాషలను ఆయన స్వయంకృషితోనే నేర్చిరి.

ఇంతలో ఒక పెద్ద ఆపద వచ్చిపడెను. 1932లో ఆయనకు క్షయవ్యాధి సోకినది. అప్పటికి ఆయన వయస్సు ఇరువదినాలుగేండ్లు. నేడు క్షయకు మంచి మందులున్నవి. ఆ మందులలో మొదటిదైన స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది 1943లో. అంతకు పూర్వము క్షయ వచ్చినదనిన ఇంటిల్లిపాది గుండె జారిపోయెడిది. పొడిగాలి, ఎండ, పుష్టినిచ్చు ఆహారము, కదలక మెదలక విశ్రాంతి, ఇవియే నాటి చికిత్స. చిత్తూరు జిల్లా మదనపల్లెకు సమీపమున ఆరోగ్యవరమను చోట ఇందుకొరకు పేరుపొందిన ఆరోగ్యశాల ఉండెను. చక్రపాణిగారు మదనపల్లెకు పోయి ఆరోగ్యశాలలో చేరిరి.

అట్టి స్థలమున రోగికి కాలము కదలదు. రేపటి మాట ఎవరికిని తెలియదు. ప్రక్క మంచముమీది మనిషి కోలుకొని ఇంటికి పోవచ్చును, పోకపోవచ్చును. అట్టిచోట మనస్సు క్రుంగుట సహజము. చక్రపాణిగారు ఆ కాలమును వ్యర్థపుచ్చలేదు. అచ్చట సాటి రోగులలో బెంగాలీ తెలిసిన ఒక పండితుడుండెను. ఆయనను ఆశ్రయించి చక్రపాణిగారు బెంగాలీ నేర్వ మొదలిడిరి. బ్రతుకుదుమో లేదో తెలియని దినములలో ఒక క్రొత్త భాషకు ఓనమాలు దిద్దుట సామాన్యమైన ధైర్యము కాదు. ఆరోగ్యము చక్కబడి ఆయన వెలుపలికి వచ్చునప్పటికి, బెంగాలీ నుడికారము ఆయనకు కరతలామలకమైనది. బడిలో నిలిచిన చదువు ఆసుపత్రిలో ఫలించినది.

ఆ చదువు తెలుగువారికి వెంటనే ఉపకరించినది. బెంగాలీలో శరత్‌చంద్ర చట్టోపాధ్యాయుని నవలలు అప్పటికే ప్రసిద్ధములు. చక్రపాణిగారు వానిని వరుసగా తెలుగు చేసిరి. దేవదాసు మొదలైన ఆ నవలలు ఇంటింటను చదువబడినవి. అనువాదమని తోచనంత సహజముగా ఆయన వాక్యము నడచెడిది. శరత్‌బాబు తెలుగు రచయితయే యని కొందరు పాఠకులు భ్రమపడిరనగా, ఆ అనువాదముల చక్కదనము ఊహింపవచ్చును. పెద్ద సమాసము చెప్పగలవాడు తేలిక మాట వ్రాయలేడను అపోహ ఒకటి కలదు. చక్రపాణిగారు పండితులై యుండియు తేలిక మాటనే ఎన్నుకొనిరి. ముందు ముందు పిల్లలకొరకు ఆయన చేసిన పనికి ఈ అలవాటే పునాది అయినది.

1934-35 ప్రాంతమున ఆయన కొడవటిగంటి కుటుంబరావుగారితో కలిసి తెనాలిలో యువ యను మాసపత్రికను ప్రారంభించిరి. కుటుంబరావుగారును తెనాలివారే, చక్రపాణిగారికంటె ఒక్క సంవత్సరము చిన్న. పిమ్మట చక్రపాణిగారు చలనచిత్రములకు మాటలు వ్రాయుటకై ధర్మపత్ని చిత్రము సందర్భమున కొల్హాపురమునకును, స్వర్గసీమ చిత్రము సందర్భమున మద్రాసునకును పోయిరి. మద్రాసున ఆయనకు బి. నాగిరెడ్డిగారితో స్నేహము కలిగినది. నాగిరెడ్డిగారు కడప జిల్లాకు చెందినవారు, 1912లో జన్మించిరి. ఆయనకు మద్రాసులో బి.ఎన్.కె. ముద్రణాలయము ఉండెను. ఒకరు కథ తెలిసినవారు. మరియొకరు అచ్చు తెలిసినవారు. ఈ ఇరువురి కలయిక తెలుగు పిల్లల పాలిటి భాగ్యమైనది.

1947వ సంవత్సరము జూలై నెలలో, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చుటకు కొలది వారములకు ముందు, చందమామ మొదటి సంచిక మద్రాసునుండి వెలువడెను. తెలుగులో పిల్లల పత్రిక అదియే మొదటిది కాదు. రేడియో అన్నయ్యగా పేరొందిన న్యాయపతి రాఘవరావుగారు 1945లోనే బాల పత్రికను స్థాపించి యుండిరి. అయినను చందమామ పట్టిన త్రోవ వేరు. అందులో బొమ్మ కథకు అలంకారము కాదు. కథలో అది సగపాలు. పుట త్రిప్పినంతనే బొమ్మ కనబడవలెను. బొమ్మలేని పుట పిల్లవానికి తలుపు మూసిన ఇల్లు వంటిది.

ఇది వినుటకు తేలిక. చేయుటకు తేలిక కాదు. ఆ కాలమున అక్షరములను సీసపు అచ్చులతో ఒక్కొక్కటిగా పేర్చి పుటను సిద్ధము చేసెడివారు. బొమ్మకు ఆ విధము పనికిరాదు. చిత్రకారుడు నల్లసిరాతో గీసిన బొమ్మను ఛాయాచిత్రము తీసి, జింకురేకుమీదికి దింపి, గీతలు లేనిచోట్లను ఆమ్లముతో కరగించి, ఆ రేకును కొయ్యదిమ్మకు బిగించి బ్లాకు తయారుచేయవలెను. రంగుల బొమ్మ అయినచో రంగునకొక బ్లాకు కావలెను. అది వెండ్రుకవాసి ప్రక్కకు జరిగినను బొమ్మ చెడును. అందువలన పత్రికలవారు సాధారణముగా బొమ్మల విషయమున పొదుపు పాటించెడివారు. పిల్లల పత్రికకు ఇంత ఖర్చు ఎందుకని ఎవరికైనను తోచును. చక్రపాణి, నాగిరెడ్డిగారలు అట్లు తలపలేదు. పిల్లలకు ఇచ్చునది పెద్దలకు ఇచ్చుదానికంటె తక్కువరకముగా ఉండరాదని వారి పని చెప్పుచున్నది.

బొమ్మ చోటును ఆక్రమించినకొలది మాటలకు మిగులు చోటు తగ్గును. ఇచ్చటనే రచయితకు పరీక్ష. రాజుగారి కోట ఎంత ఎత్తో, ద్వారపాలకుని మీసములెట్టివో, రాక్షసుని కోరలెంత పొడవో బొమ్మయే చెప్పును. వానిని మరల మాటలలో వర్ణించిన యెడల చోటు వ్యర్థము. రాజు మనస్సులోని దిగులును, రాక్షసుడు పెట్టిన షరతును బొమ్మ చెప్పజాలదు. అవి మాట చెప్పవలసినవి. ఏది బొమ్మకు విడువవలెనో, ఏది మాటకు ఉంచుకొనవలెనో తెలిసినవాడే బొమ్మల కథకు తగిన రచయిత. చందమామ కథలలో వాక్యములు చిన్నవి. కథ మొదటి వాక్యముతోనే ప్రారంభమగును. ఒక ఊరిలో ఎవరుండిరో, వారికి వచ్చిన చిక్కు ఏమిటో నాలుగు పంక్తులలో తెలిసిపోవును. నీతి ఉండును, కాని అది కథలోనే కలిసియుండును. బెత్తము పట్టుకొని ఎదుట నిలువదు.

చందమామకు మరియొక విశేషము కలదు. బొమ్మకు భాష లేదు. తెలుగు పిల్లవాడు చూచిన ఏనుగునే తమిళ పిల్లవాడును చూచును. ఆ 1947లోనే తమిళమున అంబులిమామా వెలువడెను. 1949 నాటికి కన్నడము, హిందీ వచ్చినవి. పిమ్మట మరాఠీ, మలయాళము, గుజరాతీ, ఒరియా మొదలైన భాషలలోను ఆ పత్రిక వచ్చినది. బొమ్మలు అన్నింటను ఒక్కటే; చుట్టునున్న అక్షరములు మాత్రము మారును. ఒక భాషలో పది పంక్తులు పట్టు విషయము మరియొక భాషలో పండ్రెండు పంక్తులు కావచ్చును. అయినను బొమ్మకు మిగిలిన చోటులోనే కథ ముగియవలెను. ఇందువలన బొమ్మల ఖర్చు పలు భాషలు పంచుకొన్నట్లయినది. అంతకంటె ముఖ్యముగా, ఒకరి భాష ఒకరికి తెలియని పిల్లలు ఒకే నెలలో ఒకే కథ చదువుకొనిరి. యువకుడుగా హిందీ నేర్చినప్పుడు చక్రపాణిగారు కోరిన ఐక్యము ఈ విధముగా మరియొక రూపమున సిద్ధించినది.

చక్రపాణిగారు చిత్రకారులు కారు. బొమ్మ గీయుట తమకు రాదని ఎరిగినవారు కనుకనే గీయగలవారిని వెదకి తెచ్చిరి. చిత్రా యను పేరుతో బొమ్మలు వేసిన టి. వీరరాఘవన్‌గారు తొలిదినములనుండి చందమామకు రూపమిచ్చిరి. ఎం.టి.వి. ఆచార్యగారు ముఖచిత్రములలో మహాభారత వీరులను కన్నులకు కట్టించిరి. శ్రీకాకుళమున జన్మించిన వడ్డాది పాపయ్యగారు వపా యను సంతకముతో రంగులలో ఒక క్రొత్త లోకము సృష్టించిరి. 1952లో చేరిన శంకర్‌గారు సుమారు ఆరు దశాబ్దములు చందమామకు బొమ్మలు వేసిరి. భుజముపై శవము, చేతిలో కత్తి, చుట్టును శ్మశానము, అడుగు వెనుకకు వేయని విక్రమార్కుడు! ఆయన గీసిన ఈ బొమ్మ చూడగనే భేతాళ కథ యని పిల్లలు గుర్తించెడివారు. సోమదేవుని కథాసరిత్సాగరమున భేతాళుడు చెప్పినవి ఇరువదియైదు కథలు. చందమామలో ఆ చట్రము అట్లేయుండ, క్రొత్త కథలు ఏండ్ల తరబడి వచ్చినవి. ప్రతి కథ చివరను ఒక ప్రశ్న ఉండును. పిల్లవాడు పుస్తకము మూసి కొంతసేపు ఆలోచింపవలసి వచ్చెడిది.

రచయితల విషయమునను చక్రపాణిగారి చూపు అట్టిదే. పాత మిత్రులైన కుటుంబరావుగారు 1952లో చందమామలో చేరి, 1980లో మరణించువరకు దాని సంపాదక భారమును మోసిరి. లోకమందలి అనేక దేశముల కథలను ఆయన తేటతెలుగున చెప్పిరి. గ్రీకు ఇతిహాసపు వీరుడు ఒడిస్యూసు తెలుగు పిల్లలకు రూపధరుడై పరిచితుడైనాడు. దాసరి సుబ్రహ్మణ్యముగారు తోకచుక్క, పాతాళదుర్గము మొదలైన సాహసగాథలను సీరియల్‌గా వ్రాసిరి. ఆ గాథలు చదివిన లక్షలాది పిల్లలలో రచయిత పేరు తెలిసినవారు అరుదు. చందమామలో చాల రచనలు రచయిత పేరు లేకయే వెలువడెను. పేరు తరువాత, కథ ముందు అను పద్ధతి అది. దీనివలన రచయితలకు రావలసిన కీర్తి చాల ఆలస్యముగా వచ్చినదను మాటయు నిజమే. కాని చదువు పిల్లవానికి ఆ కథలు ఊరి అవ్వ చెప్పినట్లు, ఎవరివియు కాక అందరివియునై తోచెడివి.

బొమ్మలతో కథ చెప్పు విద్య ఇతర దేశములలోను పెరుగుచున్న కాలమది. బెల్జియములో హెర్జే యను రచయిత 1929లో టిన్‌టిన్ అను బాలవిలేకరి కథలను గడులలో గీయ నారంభించెను. చందమామ పుట్టిన 1947లోనే జపానులో ఒసాము తెజుకా యను యువకుడు గీసిన బొమ్మల కథా పుస్తకమొకటి వెలువడి ఆ దేశపు పిల్లల నాకర్షించెను. మన దేశమున 1967లో అనంత పాయ్‌గారు అమర చిత్రకథల నారంభించిరి. ఆ పుస్తకములలో గడి వెంట గడి నడచును. పాత్రల మాటలు వారి నోటినుండి వెలువడిన బుడగలలో ఉండును. చందమామ పద్ధతి వేరు. కథ పంక్తులలో సాగును. బొమ్మ దాని సరసన నడచును. పద్ధతులు వేరైనను ఆశయమొక్కటే. చదువనేర్చుచున్న పిల్లవానిని భయపెట్టక, చేయిపట్టి అక్షరములలోనికి తీసికొనిపోవుట ఆ ఆశయము.

చక్రపాణి, నాగిరెడ్డిగారలు విజయా సంస్థను స్థాపించి తీసిన చలనచిత్రములు తెలుగువారికి సుపరిచితములు. 1951లో పాతాళభైరవి, 1955లో మిస్సమ్మ, 1957లో మాయాబజారు, 1962లో గుండమ్మ కథ వెలువడినవి. తోటమాలి కుమారుడొకడు మాంత్రికుని జయించి రాజకుమారిని చేపట్టు పాతాళభైరవి కథ చందమామ పుటలనుండి లేచి వచ్చినట్లుండును. ఇంత సంపదయు, కీర్తియు వచ్చిన తరువాత పిల్లల పత్రికను ఇతరుల కప్పగించి ఊరకుండవచ్చును. చక్రపాణిగారు అట్లు చేయలేదు. ఆయన మితభాషి, ముక్కుకు సూటిగా మాటలాడు స్వభావము కలవారు. నచ్చని కథను మొగమోటమికై అచ్చువేయించువారు కారు. సభలలో తమ గొప్ప చెప్పుకొనుట ఆయనకు అలవాటు లేదు.

1975వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన చక్రపాణిగారు పరలోకగతులైరి. ఇరువదినాలుగవ ఏట క్షయ వాతబడిన మనిషి అరువదియేడేండ్లు జీవించి, మూడు తరముల పిల్లలకు పఠనాసక్తి కలిగించిరి. ఆయన తరువాతను చందమామ చాలకాలము సాగినది. 1998-99లో కొంతకాలము ఆగి, మరల వెలువడి, 2013 ప్రాంతమున నిలిచిపోయినది. చందమామకు అమావాస్య వచ్చినదని పలువురు దుఃఖించిరి. అయినను పాత సంచికలను పట్టెడలలో దాచుకొన్నవారును, వెదకి తెచ్చి మనుమలకు చదివి వినిపించువారును నేటికిని కలరు.

ఒక ఇంటిలో ఇద్దరు పిల్లలు ఒకే సంచికను విప్పి కూర్చుండిరని తలపుడు. పెద్దవాడు కూడబలుకుకొని చదువుచుండును. చిన్నదానికి ఇంకను అక్షరములు రావు. అది బొమ్మవంక చూచుచు, రాక్షసుడు గుహలోనికి ఎందుకు పోవుచున్నాడని అన్నను వేధించును. అన్నకు విసుగు పుట్టి పుస్తకము లాగికొనును. అప్పుడు ఆ చిన్నదానికి ఒక పట్టుదల కలుగును. ఈ నల్లని గీతలలో ఏమున్నదో తానే తెలిసికొనవలెనని అది నిశ్చయించుకొనును. బడికి పోయి ఓనమాలు దిద్దుటకు అంతకంటె మంచి కారణము లేదు. బడి చదువు నడుమ మానిన ఒక రైతు బిడ్డ, ఊరూరి పిల్లలలో పుట్టించినది ఆ కోరికనే. చక్రపాణిగారు చేసిన మేలు ఇదియే.